తలకిందులు చేస్తే వచ్చిన బొమ్మ

బాపు గీసిన బొమ్మ ఏదైనా ఒకటి తీసుకోండి. పాత వారపత్రికలోదైనా సరే, పుస్తకం అట్ట మీదదైనా సరే. దాన్ని తలకిందులుగా పెట్టండి. పాదాలు పైకి, జడ కిందికి. ఇప్పుడు పైనుంచి మొదలుపెట్టి ఒక్కో గీతా చూసుకుంటూ పక్కన తెల్లకాగితం మీదికి దింపండి. ఇది చెయ్యి, ఇది పైట, ఇది ముక్కు అని లోపల అనుకోవద్దు. ఈ గీత ఎటు వంగింది, పక్క గీతకు ఎంత ఎడంగా ఉంది, కాగితం అంచుకు ఎంత దగ్గరగా వచ్చింది, అంతవరకే చూడండి. మొత్తం అయ్యేదాకా కాగితం తిప్పొద్దు. అయ్యాక తిప్పండి.

నేను తిప్పాను. కాగితం మీద ఒక అమ్మాయి నిలబడి ఉంది! మెడ వాలు ఉంది, నడుం వంపు ఉంది, కుచ్చిళ్ళ అంచు పాదం మీద పడిన తీరు ఉంది. నా పెన్సిలే, నా చెయ్యే. అప్పటిదాకా నేను గీసిన మనిషికి గుండ్రటి తలకాయ, కర్రల్లాంటి కాళ్ళూ చేతులూ తప్ప ఇంకేమీ ఉండేవి కావు. ఆ కాగితం పట్టుకుని ఇల్లంతా తిరిగాను. మా ఆయనకు చూపించాను, అత్తయ్యకు చూపించాను, పాలు పోయడానికి వచ్చినావిడను కూడా ఆపి చూపించాను. అప్పటి నుంచి ఈ సంగతి ఎవరికో ఒకరికి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మాది కారంచేడు. చీరాలకూ పర్చూరుకూ మధ్య, నల్లరేగడి నేల. మిరప, పత్తి, శనగ, పొగాకు. మా ఊళ్ళో బొమ్మలు వేయడమంటే పుట్టుకతో రావాలి. వస్తే దేవుడిచ్చిన చెయ్యి, రాకపోతే లేదు. మధ్యలో నేర్చుకోవడం అనే మాట నేనెప్పుడూ వినలేదు. లెక్కలు నేర్పుతారు, కుట్టుపని నేర్పుతారు, మోటారు సైకిలు నేర్పుతారు. బొమ్మ మాత్రం వచ్చినవాడికి వస్తుంది. మా మేనకోడలు సెలవులకు వస్తూ ఒక పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. దాంతో ఆ నమ్మకం ఒక్క మధ్యాహ్నంలో పోయింది.

ఆ పుస్తకం పేరు ‘డ్రాయింగ్ ఆన్ ద రైట్ సైడ్ ఆఫ్ ద బ్రెయిన్’. రాసినావిడ బెట్టీ ఎడ్వర్డ్స్, అమెరికాలో డ్రాయింగ్ టీచర్. 1979లో వచ్చింది. 1960ల్లో లాస్ ఏంజెలెస్‌లో వెనిస్ హైస్కూల్ పిల్లలకు పాఠం చెబుతూ ఆవిడ ఒకరోజు గీయాల్సిన బొమ్మను తలకిందులుగా ఇచ్చింది. మామూలుగా పెట్టి ఇస్తే వంకరటింకరగా గీసే పిల్లలు ఈసారి చక్కగా గీసేశారు. ఇదెలా కుదిరిందని అడిగితే, తలకిందులుగా ఉంటే ఏం గీస్తున్నామో మాకు తెలియలేదు టీచర్ అన్నారట. ఆ జవాబు ఆవిడను చాలా ఏళ్ళు వదల్లేదు. తెలియకపోవడం వల్ల బాగా గీయడమేమిటి?

కారణం ఆవిడకు కాలిఫోర్నియాలోనే జరుగుతున్న మెదడు పరిశోధనల్లో కనిపించింది. రోజర్ స్పెర్రీ అనే శాస్త్రవేత్త, ఆయన దగ్గరి పరిశోధకులు, మూర్ఛరోగం తగ్గించడానికి మెదడు రెండు సగాలనూ కలిపే నరాల కట్టను కోయించుకున్న రోగులను గమనిస్తున్నారు. వాళ్ళలో ఒకాయన రెండో ప్రపంచయుద్ధంలో పనిచేసిన మాజీ సైనికుడు. ఆపరేషన్ 1962లో జరిగింది. రంగురంగుల దిమ్మలు ఇచ్చి, కార్డు మీద ఉన్న నమూనా ప్రకారం పేర్చమన్నారు. మెదడు కుడి సగం నడిపే ఎడమ చెయ్యి గబగబా పేర్చేసింది. మాటలన్నీ తెలిసిన ఎడమ సగం నడిపే కుడి చెయ్యి తడబడుతూనే ఉంది. అది తడబడుతుంటే చూడలేక ఎడమ చెయ్యి మధ్యలో దూరి సాయం చేయబోయింది. ఒకే మనిషి చేతులు! ఇది చదివి నేను పుస్తకం మూసి నా రెండు చేతుల వంకా చూసుకుంటూ కూర్చున్నాను. స్పెర్రీకి 1981లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఎడ్వర్డ్స్ దీన్నుంచి పట్టుకున్న సంగతి ఇది. మనలో మాట్లాడే భాగం ఒకటుంది. అది దేన్ని చూసినా పేరు పెట్టి పక్కన పడేస్తుంది. కన్ను అనగానే దానికి ఒక గుర్తు సిద్ధంగా ఉంటుంది, బాదంకాయ ఆకారం, మధ్యలో చుక్క. ముక్కుకు ఒక గుర్తు, ఇంటికి ఒక గుర్తు. ఎదురుగా మనిషి కూర్చున్నా మనం గీసేది ఆ మనిషి కన్ను కాదు, ఆ గుర్తునే. అయిదారేళ్ళ వయసులో పోగుచేసుకున్న గుర్తులు పెద్దయ్యాక కూడా అలాగే ఉంటాయి. తొమ్మిదీ పదేళ్ళప్పుడు పిల్లలు ఉన్నదున్నట్టు గీయాలని ఆశపడతారు. గుర్తులు అడ్డం వస్తాయి, బొమ్మ కుదరదు. నాకు రాదని చాలామంది అక్కడే పెన్సిల్ పక్కన పెట్టేస్తారు.

ఈ మాట ఎంత నిజమో మా ఊరి బడిపిల్లల నోటుపుస్తకాలు చూస్తే తెలుస్తుంది. సీనరీ గీయమంటే అందరిదీ ఒకటే బొమ్మ. రెండు కొండలు, మధ్యలోంచి పొడిచే సూర్యుడు, పక్కన కొబ్బరిచెట్టు, పెంకుటిల్లు, ఇంటి ముందు నుంచి పారే ఏరు, ఆకాశంలో టిక్కుమార్కుల్లాంటి పిట్టలు. మా ఊళ్ళో ఎక్కడ నిలబడి చూసినా కనుచూపుమేర కొండన్నది లేదు. చదునైన చేలు, తుమ్మలు, తాళ్ళు, కొమ్మమూరు కాలువ. పుట్టి పెరిగిన ఊరు కళ్ళముందు పరుచుకుని ఉంటే తరాల తరబడి పిల్లలు లేని కొండల మధ్య సూర్యుణ్ణి పొడిపిస్తున్నారు. నేనూ అదే బొమ్మతో పెరిగాను. ఆ కొండలు మా అందరి చేతుల్లోకి ఎలా వచ్చాయో ఇప్పుడు అర్థమైంది. వాటిని తీసేసే ఉపాయం ఉందంటే ఎంత సంతోషమో చెప్పలేను.

ఉపాయమంతా ఒక్కటే. మాట్లాడే భాగానికి విసుగొచ్చే పని, దానికి చేతకాని పని పెట్టాలి. అది తప్పుకుంటుంది. అప్పుడు చూసే భాగం పనిలోకి దిగుతుంది. తలకిందుల బొమ్మ అలాంటి పనే. ఎడ్వర్డ్స్ దానికి పికాసో 1920లో గీసిన స్ట్రావిన్‌స్కీ బొమ్మ వాడింది. కుర్చీలో చేతులు కలుపుకుని కూర్చున్న సంగీతకర్త, అన్నీ గీతలే. మనకైతే బాపును మించినవాళ్ళు ఉన్నారా? ఆయన గీతలో రంగు కావాలన్న పట్టింపు లేదు, నీడ పట్టింపు లేదు. ఒక గీత ఎక్కడ సన్నబడాలో, ఎక్కడ ఆగిపోవాలో, ఎక్కడ అసలు గీయకుండా వదిలేయాలో అంతా కళ్ళకు కనిపిస్తుంది. తిరగేసి గీసినప్పుడే నాకు ఆ వదిలేయడాలు తెలిశాయి. ఇన్నేళ్ళు బాపు బొమ్మల్లో అమ్మాయిల అందమే చూశాను. ఇప్పుడు ఆయన గీయకుండా విడిచిన చోట్లు చూస్తున్నాను.

ఇంకో అభ్యాసం ఉంది. దీన్ని న్యూయార్క్‌లో పాఠాలు చెప్పిన కీమాన్ నికొలాయిడిస్ ఎడ్వర్డ్స్ కంటే ముందే నేర్పేవాడు. ఆయన పోయాక 1941లో వచ్చిన పుస్తకంలో అది ఉంది. కాగితాన్ని బల్లకు టేపుతో అంటించండి. పెన్సిల్ దానిమీద పెట్టి, మీరు మాత్రం అటు తిరిగి కూర్చోండి. రెండో అరచెయ్యిని కళ్ళముందు పెట్టుకుని, ఏదో ఒక ముడత మీద చూపు నిలిపి, ఆ ముడత వెంట చీమ నడిచినంత నెమ్మదిగా చూపును నడపండి. చూపు ఎంత కదిలితే పెన్సిల్ అంతే కదలాలి. కాగితం వంక ఒక్కసారి కూడా చూడొద్దు. అయిదు నిమిషాలకు అలారం పెట్టుకోండి.

కాగితం మీద వచ్చేది పిచ్చిగీతలే. దాంతో పనిలేదు. జరిగేదంతా చెయ్యి వైపే. మొదటి నిమిషం ఒళ్ళంతా చిరాకు. ఎంతసేపు ఇది, పొయ్యి మీద పప్పు ఉంది, ఇదేం పనీపాటా అని లోపల ఒకటే గోల. తర్వాత ఆ గోల దానంతటదే సద్దుమణుగుతుంది. అరచేతిలో ఒక గీత రెండుగా చీలడం, ఒక పాయ మధ్యలో మాయమవడం, చూపుడువేలు మొదట్లో చర్మం చిన్నచిన్న గళ్ళుగా విడిపోవడం కనిపిస్తాయి. ఈ చేతితోనే కదా మిరపకాయలు తుంచింది, పిల్లలకు నూనె రాసింది! ఇంత దగ్గరున్నదాన్ని ఇంత ఆలస్యంగా చూడటం నాకు పెద్ద అదృష్టంలా అనిపించింది. అలారం మోగితే కోపమొచ్చింది.

మా వీధి చివర పెద్దాయన ఒకరున్నారు. ఎనభై దాటినా పొద్దున్నే అరుగు మీద కూర్చుంటారు. ఆయన చెయ్యి గీస్తానంటే ఒప్పుకున్నారు. ఈసారి కాగితం కూడా మధ్యమధ్యలో చూసుకుంటూ గీశాను. జీవితమంతా మేడి పట్టిన చెయ్యి, కణుపులు, పొంగిన నరాలు, పక్కకు తిరిగిపోయిన చిటికెనవేలు.

“ఇది నా చెయ్యేనంటావా అమ్మాయ్?” అన్నారు కాగితం దగ్గరకు లాక్కుని.

“మీదే మావయ్యా. చూడండి, చిటికెనవేలు.”

“అవునవును. మేడి ఇరిగి తగిలిందది. దాన్ని కూడా గీశావే!”

ఆ వేలిని గీసేటప్పుడు నేను వేలు అనుకోలేదు. పక్క వేలికీ దానికీ మధ్య ఉన్న ఖాళీని గీశాను. అసలు రహస్యం అక్కడే ఉంది. వస్తువు చుట్టూ ఉన్న ఖాళీకి పేరు ఉండదు. పేరు లేదు కాబట్టి గుర్తు కూడా ఉండదు, అందుకని ఉన్నది ఉన్నట్టు చూడటం తప్ప వేరే దారి లేదు. ఒక అట్టముక్కకు మధ్యలో నలుచదరంగా కిటికీ కోసి, అందులోంచి నులకమంచాన్ని చూడండి. మంచాన్ని గీయకండి. కోళ్ళ మధ్య ఉన్న ఖాళీని గీయండి, పట్టెకూ నేలకూ మధ్య ఖాళీని గీయండి. ఆ ఖాళీలన్నీ సరిగ్గా గీస్తే మధ్యలో మంచం తనంతట తానే వచ్చి కూర్చుంటుంది! దూరపు కోడు పొట్టిగా, దగ్గరి కోడు పొడుగ్గా, నిజంగా ఎలా కనపడుతుందో అలా. నాలుగు కోళ్ళూ ఒకే పొడుగని నాకు తెలుసు కదా అనే మాట అక్కడ చెల్లదు.

ఇది మా అత్తయ్యకు చెబితే ఆవిడకు వింతే లేదు. “చుక్కలు పెట్టి చుట్టూ తిప్పడమేగా” అన్నారు. నాకు ఒళ్ళు ఝల్లుమంది. చుక్కను తాకకుండా, రెండు చుక్కల మధ్య చోటును కంటితో కొలుచుకుంటూ, పిండి వేళ్ళసందుల్లోంచి జారుతుండగా ముగ్గు మెలిక తిప్పడం ఆవిడ పదేళ్ళ వయసు నుంచీ చేస్తున్నారు. సంక్రాంతి నెలలో మా వీధి పొడవునా ఆడవాళ్ళు వంగి చేసే పని ఇదే. కుడిపక్క వేసిన మెలికకు ఎడమపక్క సరిగ్గా అద్దంలో చూసినట్టు జవాబు వేస్తారు. ఎడ్వర్డ్స్ పుస్తకంలో మొదటి అభ్యాసమే అలాంటిది. కాగితానికి ఒకపక్క మనిషి ముఖం పక్కచూపుగా గీసి, నుదురు, ముక్కు, పెదవి, గడ్డం అని పైకి అంటూ దాని మీద మళ్ళీ పెన్సిల్ నడిపి, తర్వాత రెండోపక్క అదే గీతను ఎదురుబొదురుగా గీయాలి. మధ్యలో ఒక కూజా ఏర్పడుతుంది. రెండో గీత దగ్గర చాలామంది చెయ్యి ఆగిపోతుందట, ముక్కు అనుకుంటే గీత కుదరదు. మా అత్తయ్య ఒక్క ఊపులో గీసేశారు. మళ్ళీ ఆవిడే అంటారు, నాకు బొమ్మలు రావమ్మాయ్ అని! మన రాష్ట్రంలో వాకిలి ముందు ముగ్గు వేసే ప్రతి ఆడమనిషికీ సగం డ్రాయింగ్ ఇప్పటికే వచ్చు. ఈ మాట వీధి వీధికీ వెళ్ళి చెప్పాలని ఉంది.

చెయ్యి సంగతికొస్తే ఎడ్వర్డ్స్ ఇంకో మాట చెబుతుంది. చదవడానికి వీలుగా రాయగలిగిన చెయ్యి బొమ్మ గీయగలదు, అంతకుమించి చేతికి నేర్పు అక్కర్లేదు, నేర్చుకోవాల్సింది కన్ను. తెలుగు అక్షరాలు రాసేవాళ్ళం, మనకు ఇంకేం కావాలి? ఱ, ణ, క్ష రాసే చేతికి తిరగని వంపు ఉంటుందా?

తర్వాత వచ్చింది గాజుపలక. ఫొటో ఫ్రేములోంచి ఒక అద్దం ఊడదీసి, ఎడమచేతి వేళ్ళ మీద నిలబెట్టి, ఒక కన్ను మూసి, అద్దంలోంచి కనబడే అదే చేతిని మార్కరు పెన్నుతో అద్దం మీదే గీయాలి. వేళ్ళు మనవైపుకు తిరిగి ఉండాలి. వేలు పొడుగ్గా ఉంటుందని తెలుసు కదా, కానీ మనకేసి చూపించినప్పుడు అది గోరూ, దాని వెనక రెండు ముడతలూ మాత్రమే. అద్దాన్ని తెల్లకాగితం మీద పెట్టి చూస్తే కాగితంలోంచి ఒక చెయ్యి బయటికి చాస్తోంది! 1525లో జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ అచ్చువేసిన కొలతల పుస్తకంలో ఇలా అద్దంలోంచి చూసి గీసే పద్ధతి బొమ్మతో సహా ఉంది. అయిదొందల ఏళ్ళ నాటి ఉపాయం, ఖర్చు లేనిది. మా ఇంటి కిటికీ ఊచలు ఇప్పుడు నాకు అదే పనికొస్తున్నాయి. అడ్డంగా నిలువుగా ఉన్న ఊచల్లోంచి వీధి చూస్తే ఎదురింటి పిట్టగోడ ఏ ఊచ దగ్గర మొదలై ఏ ఊచను దాటి ఎంత వాలిందో ఇట్టే దొరుకుతుంది.

కిటికీ లేనిచోట పెన్సిలే కొలబద్ద. చెయ్యి బారుగా చాచి, మోచెయ్యి వంచకుండా, ఒక కన్ను మూసి పెన్సిల్ మీద బొటనవేలితో కొలుచుకోవాలి. వడ్రంగి చెక్క వంకర పోయిందా అని కన్ను మూసి చూస్తాడే, అదే చూపు. నేను అద్దంలో నా ముఖాన్ని అలా కొలిచాను. నడినెత్తి నుంచి కళ్ళ దాకా ఎంతో, కళ్ళ నుంచి గడ్డం దాకా అంతే. కళ్ళు తలకు సరిగ్గా మధ్యలో ఉన్నాయి! నమ్మబుద్ధి కాక ఇంట్లో అందరి తలలూ కొలిచాను. అందరివీ అంతే. నుదురుకు మనం ఎప్పుడూ చోటు ఇవ్వం, కళ్ళను పైకి తోసేస్తాం, ఎందుకంటే మాట్లాడేటప్పుడు చూసేది కళ్ళూ నోరే, పైభాగం పట్టదు. ఈ ఒక్క కొలత తెలిస్తే మీరు గీసే ముఖం ఆ పూటే మారిపోతుంది. ఇప్పుడే వెళ్ళి కొలుచుకోండి.

ఇందాక చెప్పినట్టు మెదడును కుడి, ఎడమ అంటూ గీత గీసినట్టు విడదీయడాన్ని ఇప్పటి శాస్త్రవేత్తలు ఒప్పుకోవడం లేదు. 2013లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం వాళ్ళు వెయ్యిమందికి పైగా మనుషుల మెదడు స్కాన్లు పరిశీలించి, కుడి మెదడు మనుషులు, ఎడమ మెదడు మనుషులు అని విడివిడిగా లేరని తేల్చారు. బొమ్మ గీసేటప్పుడు రెండు సగాలూ పనిచేస్తాయి. ఎడ్వర్డ్స్ కూడా తర్వాతి కూర్పుల్లో మెదడులో ఏ పక్కనున్నా సరే, ఇవి రెండు రకాల ఆలోచనలు అని సర్దుకుంది. నాకు ఇదేమీ నిరుత్సాహం కలిగించలేదు. పేరు చెప్పి పక్కనపెట్టే చూపు ఒకటి, ఆగి నిలిచి చూసే చూపు ఒకటి ఉన్నాయని నా పెన్సిలే నాకు చూపించింది. మొదటిదాన్ని ఊరుకోబెట్టే దారి దొరికింది.

మా వైపు ఇలా చూసే మనిషి లేకపోలేదు. తెనాలి దగ్గర తుమ్మపూడిలో సంజీవదేవ్ ఉండేవారు. 1914లో పుట్టి 1999లో పోయారు. కుర్రతనంలో హిమాలయాల వైపు తిరిగారు, చిత్రకారుడు రోరిక్ దగ్గరికి వెళ్ళారు, మళ్ళీ ఆ పల్లెకే వచ్చి కూర్చుని బొమ్మలు వేస్తూ, కళ గురించి తెలుగులో రాస్తూ, దేశదేశాల వాళ్ళకు ఉత్తరాలు రాస్తూ బతికారు. మా దగ్గరలోనే ఇంత పని జరిగిందా అని నాకిప్పుడు ఆశ్చర్యం. ఆయన ‘రసరేఖ’ కోసం వెతుకుతున్నాను. రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీకి కూడా వెళ్ళాలి. 1925లో ఇరవయ్యేడేళ్ళకే మశూచితో పోయిన ఆ కుర్రాడు అంత చిన్న వయసులో మనుషుల ఒంటి వాలు అంత నిక్కచ్చిగా ఎలా పట్టుకున్నాడో దగ్గర నిలబడి చూడాలని ఉంది.

అప్పటిదాకా ఊరు చాలు. పొగాకు కోతలప్పుడు నల్ల బర్లీ ఆకు తోరణాలు కట్టి పందిళ్ళ మీద ఆరేస్తే, ఆకుకూ ఆకుకూ మధ్య వెలుతురు ఎన్ని ఆకారాల్లో ఉంటుందో! ఎడ్లు నిలబడితే నాలుగు కాళ్ళ మధ్య నుంచి కనబడే చేను ముక్క. తాటిమట్టల సందుల్లో ఆకాశం కోసుగా కోసుగా. చీరాల బస్సులో ముందు సీటులో కూర్చున్నావిడ చెవికీ సిగకూ మధ్య సన్నటి వంపు. ఇవన్నీ నిన్నటిదాకా కూడా ఉన్నాయి. ఇప్పుడు బస్సు తొందరగా దిగాల్సివస్తే బాధగా ఉంటోంది. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ళు గుడ్డ మీద మొదటి గీతలకు చింతపుల్లలు కాల్చిన బొగ్గు వాడతారని తెలిసి, నేనూ చింతపుల్లలు కాల్చుకున్నాను. కాగితమంతా బొగ్గుతో బూడిదరంగు చేసి, వెలుగు పడినచోట రబ్బరుతో తుడుచుకుంటూ పోవాలి. గీత గీయకుండానే కుండ గుండ్రంగా లేచి వస్తుంది.

వీధిలో పిల్లలు సాయంత్రం మా అరుగు మీదికి చేరుతున్నారు. వచ్చిన పిల్లకు మొదట తలకిందుల బాపు బొమ్మే ఇస్తున్నాను. తిప్పి చూసుకున్న క్షణాన వాళ్ళ ముఖం చూడాలి మీరు! కొందరు గంతులేస్తారు, కొందరు కాగితాన్ని చొక్కాలో దాచుకుని ఇంటికి పరిగెడతారు.

ఈ ఆదివారం మా అమ్మ నా కోసం కూర్చుంటానంది. పక్కచూపుగా గీస్తాను. పుస్తకంలో ఒక కొలత చెప్పారు, కళ్ళ ఎత్తు నుంచి గడ్డం అడుగు దాకా ఎంత ఉంటుందో, కంటి చివర నుంచి చెవి వెనకంచు దాకా అంతే ఉంటుందట. చెవిని మనం ఎప్పుడూ ముందుకు జరిపేసి తల వెనకభాగం కోసేస్తామట. అమ్మ ఇప్పటికీ పెద్ద సిగ వేస్తుంది, దానికి చోటు కావాలి. పెద్ద కాగితం తెచ్చిపెట్టాను.